గ్రీకు కుండల మీద ఇళ్లూ గుళ్లూ ఎందుకంత చిన్నవి? ఒక్క స్తంభం గీస్తే గుడి అయిపోతుందా?

పానగల్లు_పెన్సిల్:

అందరికీ నమస్తే. మాది నల్లగొండ పక్కన పానగల్లు. బీఆర్క్ మూడో సంవత్సరం. వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. నాకు పడిన టాపిక్, ప్రాచీన గ్రీకు కుండల మీద కట్టడాలను ఎలా చూపించారు అని. బొమ్మలు చూస్తున్నకొద్దీ టెన్షన్ ఎక్కువవుతోంది.

ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉన్న ఫ్రాన్స్వా కలశం చూశాను. క్రీ.పూ. 570 ప్రాంతంలో ఎర్గోటిమోస్ చేసిన కుండ, బొమ్మలు వేసింది క్లైటియాస్. అందులో గ్రీకు పురాణ వీరుడు పీలియస్ ఇల్లు ఉంది, సముద్ర దేవత థెటిస్‌తో అతని పెళ్లి ఘట్టం. వసారా, రెండు స్తంభాలు, పైన దూలం, తలుపు అన్నీ వివరంగా వేశాడు. కానీ లోపల కూర్చున్న థెటిస్ లేచి నిలబడితే తల కప్పుకి తగులుతుంది. బెర్లిన్‌లో ఇంకో గిన్నె ఉంది, కోడ్రోస్ చిత్రకారుడు అని పిలిచే అతనిది, క్రీ.పూ. 440-430 నాటిది. ఏథెన్స్ రాజు ఈజియస్ జోస్యం చెప్పే గుడి ఉన్న డెల్ఫీకి వెళ్లి థెమిస్ దేవతని ప్రశ్న అడుగుతున్నాడు. ఇద్దరి మధ్య ఒక డోరిక్ స్తంభం (గ్రీకుల సాదా తరహా స్తంభం). డెల్ఫీ గుడి మొత్తం అంతే! మా ఊరి ఛాయా సోమేశ్వరాలయాన్ని ఒక్క స్తంభంతో గీసి ఇస్తే మా స్టూడియోలో షీట్ వెనక్కి విసిరేస్తారు.

ఇంకో డౌటు. ఏథెన్స్‌లో క్రీ.పూ. 447 నుంచి 432 దాకా పార్థినాన్ అనే పెద్ద గుడి కట్టారు. అదే ఊళ్లో అదే కాలంలో మంచి మంచి కుండ చిత్రకారులు ఉన్నారు. అయినా ఇది పార్థినాన్ అని గుర్తుపట్టేలా వేసిన కుండ నాకు ఒక్కటీ దొరకలేదు. "వాళ్లకి పర్‌స్పెక్టివ్ (లోతు కనిపించేలా గీయడం) రాదు, ఆ ఒక్క పాయింట్ రాసెయ్" అంటున్నారు సీనియర్లు. అంతేనంటారా?

సాగర్_టీస్క్వేర్:

సీనియర్ల మాట కాసేపు పక్కన పెట్టు బిడ్డా. నేను ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను, ఇప్పుడు హాలియాలో ఉంటున్నాను. ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో గీతలు కొట్టిన కాలం నాది. కుండ బొమ్మైనా సరే ప్లాన్ ఏది, ఎలివేషన్ ఏది, సెక్షన్ ఎక్కడ కోశాడు అనే చూస్తాను. ఆ అలవాటు పోదు.

పీలియస్ ఇంట్లో నువ్వు కప్పు చూశావు. తలుపు చూడు. ఒక రెక్క తెరిచి ఉంది, ఇంకోటి మూసి ఉంది. తెరిచిన వైపు నుంచి థెటిస్ సగమే కనిపిస్తుంది, తక్కిన సగం మూసిన రెక్క చాటున ఉంది. పెళ్లికూతురు ముసుగు చేత్తో పట్టుకుని లోపల కూర్చుంది. బయట పీలియస్ బలిపీఠం దగ్గర నిలబడి, సగం మనిషి సగం గుర్రం అయిన కైరన్‌తో చెయ్యి కలుపుతున్నాడు. ఆయన వెనక దేవతలంతా వరస కట్టి వస్తున్నారు. ఆ ఇల్లు చెరిపేసి చూడు. థెటిస్ కూడా ఆ వరసలో ఇంకో ఆడమనిషి అయిపోతుంది. ఇల్లు ఉన్నందుకే ఆమె లోపలి మనిషి, వచ్చినవాళ్లు బయటివాళ్లు.

క్లైటియాస్‌కి కావలసింది అదే. ఆ ఇంటి ఎత్తెంత, వెడల్పెంత అన్నది అతని లెక్కలో లేదు. ఎవరు ఏ వైపు ఉన్నారో తెలిస్తే చాలు. నేను చూసినంతవరకు గ్రీకు కుండల మీద కట్టడం ఎక్కడ కనిపించినా చేసే పని ఇదే. కట్టడం కోసం కట్టడం గియ్యరు. పార్థినాన్ ఎందుకు దొరకలేదన్న నీ ప్రశ్నకి కూడా నా జవాబు ఇదే. దూరంగా నిలబడి "ఆహా ఎంత పెద్ద గుడి" అని చూసే బొమ్మ వాళ్ల పద్దులో లేదు.

ఇక తల కప్పుకి తగలడం. ఆ కలశం ఎత్తు 66 సెంటీమీటర్లు. దాని మీద రెండొందలకి పైగా బొమ్మలు, అడ్డంగా కొట్టిన పట్టీల్లో వేశాడు. ఒక్కో పట్టీ కొన్ని వేళ్ల ఎత్తు ఉంటుందంతే. నిలబడినా, కూర్చున్నా, గుర్రం ఎక్కినా తలలన్నీ దాదాపు ఒకే మట్టానికి రావాలి, పట్టీ నిండాలి. ఇల్లు కూడా ఆ పట్టీలోనే ఇమడాలి. కొలత ప్రకారం ఇల్లు వేస్తే మనుషులు చీమలంత అవుతారు, కథ పోతుంది. అందుకే ఇంటిని మనిషి ఎత్తుకి దించాడు. కట్టడం తెలియక అలా వేశాడు అంటే నేను ఒప్పుకోను. అదే కుండ మీద ట్రాయ్ కోట గోడ చూడు. గోడ మీద శత్రువుల పైకి విసరడానికి రాళ్లు పోగుపెట్టి ఉన్నాయి. తెరిచిన గుమ్మంలోంచి ట్రాయ్ రాకుమారులు హెక్టర్, పొలైటీస్ బయటికి వస్తున్నారు. ఇటువైపు నీళ్ల ఇల్లు, దాని పక్కన "క్రీనే" అని రాశాడు, అంటే ఊట అని. వాళ్ల చెల్లెలు పొలిక్సెనా పారిపోతూ జారవిడిచిన కుండ గుర్రాల కింద పడి ఉంది, దాని మీద కూడా "హుద్రియా" అని పేరు రాశాడు. డ్రాఫ్ట్స్‌మన్‌గా నాకు ఈ మనిషి బాగా నచ్చాడు. (1900లో ఆ మ్యూజియం గార్డు ఒకడు కోపంతో స్టూలు విసిరితే ఈ కలశం 638 ముక్కలైంది. మళ్లీ అతికించారు. అతికించినవాళ్లకి దండం పెట్టాలి.)

ఒక్క స్తంభం సంగతి. మన దగ్గర చిందు భాగోతంలో ఒక కుర్చీ వేస్తే అది హస్తినాపురం. మళ్లీ గోడలేవి, గోపురమేది అని ఎవ్వరూ అడగరు. కోడ్రోస్ చిత్రకారుడి స్తంభం కూడా అంతే. కాకపోతే అది ఎక్కడ నిలబడిందో గమనించు. అటు అడిగేవాడు, ఇటు ముక్కాలిపీట మీద కూర్చుని జవాబు చెప్పే థెమిస్, స్తంభం సరిగ్గా నడుమ. బొమ్మను లోపల, బయట అని రెండుగా కోసేసింది.

బోస్టన్‌లో ఒక హైడ్రియా, అంటే నీళ్ల కుండ, ఉంది, క్రీ.పూ. 520-510 నాటిది. గ్రీకు వీరుడు అకిలీజ్ హెక్టర్ శవాన్ని రథానికి కట్టి ఈడుస్తున్నాడు. ఎడమ కొసన ఒక స్తంభం, దాని నీడన హెక్టర్ తల్లిదండ్రులు ప్రియమ్, హెకూబా ఏడుస్తున్నారు. కుడివైపు తెల్లగా అకిలీజ్ స్నేహితుడు పెట్రోక్లస్ సమాధి దిబ్బ. ట్రాయ్ నగరం ఎక్కడ, గ్రీకుల శిబిరం దగ్గరి సమాధి ఎక్కడ! రెండింటినీ జానెడు దూరంలో పెట్టాడు. ఆ ఒక్క స్తంభం లేకపోతే ముసలి తల్లిదండ్రులు యుద్ధభూమిలో నిలబడ్డట్టు అయ్యేది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్తాను. కనిపించిన ప్రతి స్తంభాన్నీ గుడి అనకు. ఏథెన్స్‌లో అథీనా దేవత పండగకి జరిగే పానథెనాయిక్ పోటీల్లో గెలిచినవాళ్లకి నూనె నింపి ఇచ్చే జాడీల మీద అథీనాకి అటొకటి ఇటొకటి డోరిక్ స్తంభాలుంటాయి. వాటి మీద దూలం ఉండదు, కోడిపుంజు ఉంటుంది. పైన దూలం మోస్తోందా, పుంజును మోస్తోందా అని ముందు చూసుకో.

మర్రిగూడ_బిందె:

పెద్దాయనా, నీళ్ల ఇళ్ల గురించి ఒక్క ముక్కలో దాటేశారేంటి? కట్టడాలు కావాలంటే చెల్లె ముందు చూడాల్సింది వాటినే. నేను స్కూల్లో డ్రాయింగ్ చెప్తాను. ఫ్లోరైడ్ నీళ్ల మండలంలో పుట్టి పెరిగినదాన్ని, కాబట్టి బిందె కనిపిస్తే నా కన్ను అక్కడే ఆగుతుంది.

క్రీ.పూ. 520 నుంచి 500 మధ్య ఏథెన్స్‌లో నల్ల బొమ్మల హైడ్రియాలు చాలా చేశారు. హైడ్రియా అంటే నీళ్ల కుండే. పక్కల రెండు చెవులు ఎత్తడానికి, వెనక నిలువు పిడి వంచి పోయడానికి. ఆ నీళ్ల కుండ మీదే నీళ్లు పట్టుకునే ఆడవాళ్ల బొమ్మ! డోరిక్ స్తంభాలు, వాటి మధ్యలో సింహం మూతి నుంచి పడే ధార, కింద దిమ్మె మీద కుండ. అంతకుముందు కాలంలో ఏథెన్స్‌ని ఏలిన పైసిస్ట్రాటస్, అతని కొడుకులు ఊరికి నీళ్లు తెప్పించి ఊట ఇళ్లు కట్టించారు. చరిత్రకారుడు థ్యుసిడిడీస్ కూడా రాశాడు, కల్లిరోయ్ అనే పాత ఊటకి ఆ పాలకులు ధారలు అమర్చాక ఎన్నియాక్రూనోస్, అంటే తొమ్మిది ధారలు, అని పేరొచ్చిందని. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక హైడ్రియా మీద కల్లిరోయ్ పేరే రాసి ఉంది. కొత్తగా వచ్చిన నల్లా మీద ఊరి మురిపెం అది. అయితే ఈ కుండలు ఎక్కువగా దొరికింది ఏథెన్స్‌లో కాదు, ఇటలీలో వల్చీ దగ్గరి సమాధుల్లో. కొన్నవాళ్లు అక్కడి ఎట్రుస్కన్ జాతివాళ్లు.

కుండలు నెత్తి మీద ఎలా ఉన్నాయో చూడు చెల్లె. నీళ్లకి వచ్చేవాళ్ల తల మీద కుండ అడ్డంగా పడుకుని ఉంటుంది, నింపుకుని పోయేవాళ్ల తల మీద నిలువుగా ఉంటుంది. ఎవరు వస్తున్నారు, ఎవరు పోతున్నారు అన్నది కుండను చూసి చెప్పేయొచ్చు.

రంగు సంగతి కూడా రాసుకో. ఈ బొమ్మల్లో స్తంభాలకి తెల్ల రంగు పెడతారు, ఆడవాళ్ల ముఖాలకీ చేతులకీ కూడా అదే తెలుపు. నలుపు మాదిరిగా ఆ తెలుపు గట్టిగా పట్టుకోదు, కాలం గడిస్తే రాలిపోతుంది. కొన్ని కుండల మీద స్తంభం ఉండాల్సిన చోట మసక జాడే మిగిలి ఉంటుంది. ఫోటో చూసి ఇక్కడ స్తంభం వెయ్యలేదు అని తేల్చెయ్యకు.

నా ప్రశ్న పెద్దాయనకి. ఈ బొమ్మల్లో మధ్యలో ఉన్న సింహం తలలు మనవైపు చూస్తుంటాయి, రెండు కొసల్లో ఉన్నవి పక్కకి తిరిగి ఉంటాయి. ఇది ఏ వ్యూ అంటారు మీ లెక్కలో?

సాగర్_టీస్క్వేర్:

మంచి ప్రశ్న అడిగావమ్మా, నేను దాటేసింది నీలాంటివాళ్ల కోసమే అనుకో. అది ఏ ఒక్క వ్యూ కాదు. మధ్యలో మనవైపు చూసే సింహాలు వెనక గోడకి ఉన్నవి. కొసల్లో పక్కకి తిరిగినవి కుడి ఎడమ గోడలకి ఉన్నవి. స్తంభాలు ముందు వరసవి. ముందుది, వెనకది, పక్కలవి అన్నింటినీ నొక్కి ఒకే గీత మీదికి తెచ్చాడు. పక్క గోడను సెక్షన్‌లో కోసినట్టు సన్నగా ఒక నిలువు పట్టీ వేసి, దాని లోపలి ముఖానికి సింహం తల తగిలించాడు. ఇలాంటి షీట్ నేను ఇస్తే మా ఇంజనీరు సంతకం పెట్టేవాడు కాదు. కానీ నీళ్లు ఎక్కడెక్కడ పడతాయో ఒక్క చూపులో తెలుస్తుంది. నిజంగా ఎదురుగా నిలబడి ఫోటో తీస్తే పక్క ధారలు స్తంభాల చాటున పోతాయి.

గద్వాల_తెరలు:

పెద్దలు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. మాది గద్వాల, నాటకాలకి తెరలు గీసే ఇల్లు. సాగర్ సార్ చెప్పింది బాగుంది కానీ పర్‌స్పెక్టివ్ విషయంలో గ్రీకుల్ని మరీ వెనకేసుకొస్తున్నారు. క్రీ.పూ. 570లో వాళ్లకి అది రాదు, తర్వాత నేర్చుకున్నారు. ఇందులో నామోషీ ఏముంది?

నేర్చుకున్నది కూడా మా పని వల్లే. నాటకానికి తెర బొమ్మలు తెచ్చింది నాటకకర్త సోఫోక్లిస్ అని అరిస్టాటిల్ రాశాడు. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ అయితే చిత్రకారుడు అగాథార్కస్ పేరు చెప్పాడు. ఈ అగాథార్కస్ ఎస్కిలస్ నాటకానికి రంగస్థలం చిత్రించి దాని మీద ఒక పుస్తకం కూడా రాశాడట, అది చూసి తత్వవేత్తలు డెమోక్రిటస్, అనాక్సగొరస్ గీతలు ఒక కేంద్రం నుంచి ఎలా సాగాలో రాశారట. ఇతన్నే ఏథెన్స్ నాయకుడు ఆల్కిబియడీజ్ తన ఇంట్లో బంధించి గోడలకి బొమ్మలు వేయించుకున్నాడని ప్లూటార్క్ చెప్తాడు. పని అయ్యాక మంచి బహుమతి ఇచ్చి పంపాడులెండి. మాకు అడ్వాన్సే సరిగ్గా రాదు.

ఆ తెరలు ఒక్కటీ మిగల్లేదు. కానీ దక్షిణ ఇటలీలో స్థిరపడ్డ గ్రీకుల కుండల మీద వాటి వాసన తగులుతుంది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఒక క్రేటర్ (వైన్ కలిపే పెద్ద కుండ) ముక్కలున్నాయి, టరంటో నగరంలో క్రీ.పూ. 350 ప్రాంతంలో చేసింది. దాని మీద రంగస్థలం కట్టడాన్ని వేశారు. పక్క భాగం ముందుకి పొడుచుకొచ్చి, కప్పు అడుగు భాగం కింది నుంచి కనిపిస్తూ, వెనక్కి పోయేకొద్దీ గీతలు దగ్గరవుతూ ఉంటాయి. అన్నీ ఒకే బిందువులో కలవవు, ఒక్కో ముక్క దాని దారి దానిది. అయినా లోతు కనిపిస్తుంది. చెల్లె, నీ సెమినార్‌లో ఈ బొమ్మ పెట్టకపోతే సగం కథే చెప్పినట్టు.

పానగల్లు_పెన్సిల్:

అక్కా, అన్నా, సార్, ముగ్గురికీ థాంక్స్. రాత్రంతా బొమ్మలు వెతుకుతూ కూర్చున్నా. అన్న చెప్పిన దక్షిణ ఇటలీ వైపే వెతికితే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కుండ ముక్క కనిపించింది, క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లోది. డోరిక్ గుడిని ఏటవాలుగా వేశారు, తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల అపోలో విగ్రహం. బయట పక్కనే అపోలో మామూలుగా కూర్చుని ఉన్నాడు! లోపల బొమ్మ దేవుడు, బయట అసలు దేవుడు.

అంటే అన్న అన్న పర్‌స్పెక్టివ్ వచ్చేసింది. కానీ పని మాత్రం సార్ చెప్పిందే చేస్తోంది. నాకు అర్థమైంది కరెక్టేనా? ఇంకోటి, మన వైపు శిల్పాలతో పోల్చమని మా సార్ అడిగారు. దేంతో పోల్చను?

సాగర్_టీస్క్వేర్:

కరెక్టే బిడ్డా. గద్వాల తమ్ముడి మాటా నిజమే, 570లో లేని విద్య 350కి వచ్చింది. వచ్చిన విద్యను దేనికి వాడారన్నదే నాకు ముఖ్యం. దక్షిణ ఇటలీలోనే అపులియా వైపు కుండల మీద నైస్కోస్ అని చిన్న సమాధి మందిరం ఉంటుంది, అది వెతుకు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో వందల కుండల మీద ఉంది అది. మీటరు ఎత్తున్న పెద్ద క్రేటర్లు కూడా ఉన్నాయి. మందిరం అంతా తెల్ల రంగు, తలకి చుట్టలున్న అయోనిక్ స్తంభాలు, కప్పు దూలాలు కింది నుంచి కనిపించేలా వేసి ఉంటాయి. లోపల చనిపోయిన మనిషి, అతనూ తెలుపే, రాతి బొమ్మ అన్నట్టు. బయట పూలు, పళ్లాలు పట్టుకొచ్చిన బంధువులు మట్టి ఎరుపులో ఉంటారు. ఎవరు పోయారు, ఎవరు ఉన్నారు అన్నది రంగే చెప్తుంది, ఆ రెంటికీ మధ్య గీత ఆ మందిరం. టరంటోలో ఇలాంటి రాతి సమాధి మందిరాల ముక్కలు నిజంగానే తవ్వకాల్లో దొరికాయి, కాబట్టి చిత్రకారులు గాల్లోంచి ఊహించింది కాదు.

పోల్చడానికి నాగార్జునకొండకి రా. ఒడ్డు నుంచి లాంచీ ఉంటుంది, మ్యూజియం దీవి మీద ఉంది. ఇక్ష్వాకుల కాలం, అంటే క్రీ.శ. 3, 4 శతాబ్దాల సున్నపురాయి పట్టీలు చూడు. బుద్ధుడి కథలు వరసగా చెక్కారు. ఒక ఘట్టానికీ ఇంకో ఘట్టానికీ నడుమ స్తంభాలు, వాటి మధ్య ఒక జంట నిలబడి ఉంటుంది. ఆ జంటకి కథతో సంబంధం లేదు. అక్కడ స్తంభం వస్తే ఒక ఘట్టం అయిపోయింది, ఇంకోటి మొదలైంది అని లెక్క. గ్రీకు కుండ మీద స్తంభం వస్తే చోటు మారింది అని లెక్క. ఒకే వస్తువు, పని వేరు. పక్కపక్కన రెండు స్లైడ్లు పెడితే మీ సార్‌కి చాలు. ఫణిగిరి తోరణాలు కూడా చూడొచ్చు, నీకు సూర్యాపేట దగ్గరే, కానీ ఒక్కరోజులో రెండూ పెట్టుకోకు.

గద్వాల_తెరలు:

ఇంకొక్కటి అడుగుతా సార్, డ్రాఫ్ట్స్‌మన్ కాబట్టి. ఆ నీళ్ల ఇళ్ల బొమ్మలు ఇన్ని ఉన్నాయి కదా, వాటిని బట్టి ఎన్నియాక్రూనోస్ ప్లాన్ గియ్యొచ్చా?

సాగర్_టీస్క్వేర్:

గియ్యలేం తమ్ముడూ. ఒక కుండ మీద ఉన్నన్ని స్తంభాలు ఇంకో కుండ మీద ఉండవు. ధారలు కూడా అంతే, కుండ భుజం కింద ఎంత జాగా ఉంటే అన్ని. ఏథెన్స్ అగోరాలో, అంటే ఊరి సంత మైదానంలో, ఆగ్నేయం మూలన ఒక ఊట ఇల్లు తవ్వకాల్లో బయటపడింది, క్రీ.పూ. 530-520 నాటిది. దాదాపు 18.2 మీటర్ల పొడవు, 6.8 మీటర్ల వెడల్పు, మట్టి గొట్టాలతో నీళ్లు వచ్చేవి. రెండు కొసల్లో నీళ్లు పట్టుకునే చోట్లు, మధ్యలో హాలు. ఎన్నియాక్రూనోస్ అగోరాలో ఉన్నట్టు ప్రాచీన యాత్రికుడు పాసేనియస్ రాశాడు కాబట్టి ఇదే అది అని కొందరు అంటారు. థ్యుసిడిడీస్ మాట ప్రకారం అది అక్రోపోలిస్ కోట కొండకి దక్షిణం వైపు ఉండాలని ఇంకొందరు. కుండల సాక్ష్యం ఈ తగాదాను తీర్చదు.

కానీ తవ్వకంలో దొరకనివి కుండ మీద దొరుకుతాయి. అక్కడ మిగిలింది పునాది, గొట్టం, కొన్ని రాళ్లు. సింహం మూతి కింద కుండ ఎక్కడ ఆనించేవాళ్లు, ఎవరు వరసలో నిలబడేవాళ్లు, తలుపులకి మేకులు ఎలా కొట్టేవాళ్లు, ఇవి పునాదిని చూస్తే తెలియవు. తలుపుల కోసం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అమాసిస్ చిత్రకారుడి నూనె కుండ చూడండి, క్రీ.పూ. 550-530 నాటిది. ఎత్తు 17.5 సెంటీమీటర్లే. కొత్త జంట బండి మీద వరుడి ఇంటికి వస్తోంది. ఇంటి ముందు స్తంభాలు, తలుపు తీసి ఉంది, లోపల కాగడా పట్టుకుని అత్తగారు ఎదురుచూస్తోంది. బిడ్డా, ఇది పీలియస్ ఇంటి పక్కన పెట్టుకో. జూమ్ చేసి చూడు, సెల్‌ఫోన్‌లో కుదరదు, కంప్యూటర్ మీద పెద్దది చేసుకో.